బండ పోయిన నీడ

దుర్గం చెరువా! గోల్కొండ కోట గొంతు తడిపిన తల్లివి నువ్వు. గుట్టల కొంగుచాటున ఒదిగి ఉన్నావని నిన్ను రహస్య సరస్సన్నారు. ఇప్పుడేం రహస్యం మిగిలింది? 2020లో నీ నెత్తి మీదుగా తీగల వంతెన వచ్చింది. రాత్రయితే దాని రంగుల దీపాలు నీ ఒంటి మీద చిందులేస్తున్నాయి. నువ్వు అడగని నగ అది.

నా ఏడుపు వంతెన గురించి కాదు (పొద్దువాలే వేళ దాని గీతలు నీళ్లలో అందంగానే ఉంటాయి, ఒప్పుకోవాలి). బండల గురించి. 250 కోట్ల ఏళ్ల గ్రానైటు! నేలగర్భాన నిప్పుగా మరిగి, చల్లారి, పగుళ్లు పట్టి, ఎండా వానా ఉల్లిపొరల్లా ఒలిచి ఒలిచి నునుపు చేసిన గుండ్లు. ఎవరూ మోసుకొచ్చి పేర్చలేదు; పుట్టినచోటే గుండ్రబడ్డాయి. కాలం అంత తీరిగ్గా చెక్కిన కొలువును నీ చుట్టుపట్ల రంధ్రాలు తొలిచి, మందు దట్టించి, కంకర చేశారు. ఆ కంకరే మేడలై మళ్లీ నీ ఒడ్డుకొచ్చి నిలబడింది.

ఆ నష్టం లోతు కుంచె పట్టినవాడిని అడగాలి. నీటిలోని బొమ్మ ఒడ్డు మీది బొమ్మకు నకలు కాదు. మన కంటికి బండ నెత్తి కనిపిస్తే, నీటికి దాని గడ్డం కనిపిస్తుంది. వేపకొమ్మకు మనం ఆకుల వీపు చూస్తాం, నువ్వు కడుపు చూస్తావు. ఎండకు మెరిసే రాయి నీలో ఒక వన్నె తగ్గుతుంది. రాతిసందు చీకటి ఒక వన్నె తేలికపడుతుంది. తడి కాగితం మీద రంగును నిలువుగా జార్చి, ఆరేలోపు పొడి కుంచెతో అడ్డంగా ఒక వెలుగుచార తుడిస్తే చాలు, ఎక్కడి గాలో వచ్చి నీటి మీద వాలుతుంది.

ఆ గాలి ఇప్పుడెక్కడ వాలాలి? గుర్రపుడెక్క కమ్మినచోట నీళ్లే కనబడవు. డెక్క తీసినచోట నీళ్లున్నాయి, వాటిలో వాలడానికి రాయి లేదు. గాజు మేడలు నిన్ను చూస్తాయి, నువ్వు గాజు మేడలను చూస్తావు. ఆ చూపుల మధ్య ఒక మోదుగ పువ్వయినా రాలదు.

అందుకే తల్లీ, ఇకమీదట నీటి సగమే గీస్తాను. బర్న్‌ట్ సియెనాలో అల్ట్రామెరైన్ కలిపి, పాత గుండును దాని గడ్డంతో సహా నీలోనే నిలబెడతాను. పైన, అది ఉండాల్సిన చోట, తెల్ల కాగితం వదిలేస్తాను. బొమ్మ తప్పంటే అననీ.