ఆరు మిల్లీమీటర్ల పనితనం

రైఫిల్‌ను మెచ్చుకునేవాళ్లు దాని బ్యారెల్‌ను మెచ్చుకుంటారు, వాల్‌నట్ చెక్కతో చేసిన బట్‌ను తడుముతారు, టెలిస్కోపులోంచి చూసి ఆహా అంటారు. ఇవన్నీ కాల్చినవాడి దగ్గరే ఉండిపోతాయి. లక్ష్యం దాకా వెళ్లేది బుల్లెట్ ఒక్కటే. జింక వేటకు వాడే చిన్న క్యాలిబర్ బుల్లెట్ బరువు దాదాపు ఆరున్నర గ్రాములు, కాసు బంగారం కంటే తక్కువ. అంత చిన్న లోహపు ముక్కలో నూట నలభై ఏళ్ల ఆలోచన ఒదిగి ఉంది. మనుషులు చేతులతో, యంత్రాలతో చేసిన చిన్న వస్తువుల్లో ఇంత శ్రద్ధగా చేసినవి అరుదని నా నమ్మకం.

హైదరాబాద్‌లోని మా యూసుఫ్‌గూడలో తుపాకీ మాట కొత్తది కాదు. ఇక్కడే ప్రత్యేక పోలీసుల మొదటి బెటాలియన్ ఉంది. నాలుగడుగులు వేస్తే కృష్ణానగర్, అక్కడినుంచి ఫిల్మ్‌నగర్ దాకా సినిమా మనుషులే. తెర మీద తుపాకీకి శబ్దం, మెరుపు ఉంటే చాలు, అందులో ఏ బుల్లెట్ వేశారన్న ప్రశ్నే రాదు. నిజమైన తుపాకీ విషయంలో మొదట అడగాల్సిన ప్రశ్న అదే.

జింక మనకు బాగా దగ్గరి జంతువు. తెలంగాణ రాష్ట్ర జంతువు జింక, ఆంధ్రప్రదేశ్‌ది కృష్ణజింక. వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేటభూమి, ఇప్పుడు కృష్ణజింకలు భయం లేకుండా మేసే జాతీయ పార్కు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని తర్వాతి సవరణలు మన దేశంలో సరదా వేటకు తెర దించాయి. అది జరగాల్సిన పనే. కాబట్టి జింక బుల్లెట్ పనితనం చూడాలంటే, లైసెన్సుతో, సీజన్ ప్రకారం వేట సాగే అమెరికా, బ్రిటన్‌ల వైపు చూడాలి. బుల్లెట్‌ను ఎంచుకునే విద్య మాత్రం మన నగరంలోనూ ఉంది, షూటింగ్ రేంజిలో. ఈ రెండూ చూస్తేనే విషయం పూర్తిగా అర్థమవుతుంది.

చిన్నదానికే ఎక్కువ పరీక్ష

ఇత్తడి గొట్టం, మందు, దాన్ని రగిలించే ప్రైమర్, ముందు బుల్లెట్ — ఇవన్నీ కలిస్తే తూటా. జింక వేటకు వాడే చిన్న క్యాలిబర్ తూటాల్లో పేరున్నది 1955లో వచ్చిన .243 వించెస్టర్. అంతకుముందే ఉన్న .308 తూటా మెడను నొక్కి, 6 మిల్లీమీటర్ల తరగతి బుల్లెట్ పట్టేలా సన్నం చేస్తే అది తయారైంది. బుల్లెట్ అసలు వ్యాసం 6.17 మిల్లీమీటర్లు. భుజానికి తగిలే దెబ్బ తక్కువ కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్లకూ, సన్నని ఒళ్లున్నవాళ్లకూ అనువైనది. తుపాకీ భుజాన్ని గట్టిగా తన్నుతుందన్న భయం లేనప్పుడు గురి కూడా చెదరదు.

ఆ సౌఖ్యానికి ఒక మూల్యం ఉంది. పెద్ద క్యాలిబర్ బుల్లెట్ కొంచెం తప్పుగా విచ్చుకున్నా దాని బరువే పని పూర్తి చేస్తుంది. ఆరు మిల్లీమీటర్ల బుల్లెట్‌కు ఆ వెసులుబాటు లేదు. అందుకే దాని లోపలి నిర్మాణమే ముఖ్యం.

ఈ క్యాలిబర్‌లో బుల్లెట్లు సాధారణంగా 55 గ్రెయిన్ల నుంచి 105 గ్రెయిన్ల దాకా దొరుకుతాయి. వంద గ్రెయిన్లంటే 6.48 గ్రాములు. 55, 70 గ్రెయిన్లవి నక్కల్లాంటి చిన్న జంతువుల కోసం చేసినవి. వాటిలో సీసం మీది రాగి తొడుగు పలచన, తగిలీ తగలగానే పగిలిపోతుంది. అలాంటిదాన్ని జింక మీద వాడితే భుజం ఎముక దగ్గరే ముక్కలవుతుంది. పైన పెద్ద గాయం కనిపిస్తుంది, లోపలి అవయవాలకు ఏమీ కాదు. ఆ జంతువు పరుగెత్తి ఏ పొదలోనో రోజుల తరబడి బాధపడి చస్తుంది. మరీ గట్టి బుల్లెట్ వాడినా కష్టమే. అది విచ్చుకోకుండా సన్నని రంధ్రం చేసుకుంటూ అవతలికి వెళ్లిపోతుంది. జింకకు సరిపోయే బుల్లెట్ ఈ రెండింటికీ మధ్య ఉంటుంది: లోపలికి దిగాలి, దిగుతూ విచ్చుకోవాలి, విచ్చుకున్నాక కూడా బరువు నిలుపుకోవాలి. సాధారణ సీసం బుల్లెట్లలో 90 నుంచి 100 గ్రెయిన్ల మధ్యవి దీనికి తగినవని అనుభవజ్ఞుల మాట.

ఈ జాగ్రత్తను ఇంగ్లండు చట్టంలోనే రాసుకుంది. చాలా జాతుల జింకల మీద వాడే రైఫిల్ క్యాలిబర్ .240 అంగుళాలకు తగ్గకూడదు, బ్యారెల్ గొట్టం దాటేటప్పుడు బుల్లెట్ శక్తి 2,305 జౌళ్లకు తగ్గకూడదు, బుల్లెట్ ముక్కు మెత్తనిదో బోలుదో అయి ఉండాలి. వంద గ్రెయిన్ల .243 బుల్లెట్ సెకనుకు దాదాపు 900 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది, దాని శక్తి 2,600 జౌళ్ల పైమాటే. అంటే చట్టం గీసిన గీతను కాస్త తేడాతోనే దాటుతుంది.

రాగి తొడుగు కథ

పాత తుపాకులకు ఒట్టి సీసం గుండే సరిపోయేది. 1880ల్లో పొగలేని మందు వచ్చి వేగం ఒక్కసారిగా పెరిగింది. 327 డిగ్రీలకే కరిగే మెత్తని సీసం ఆ వేగానికి, ఆ వేడికి తట్టుకోలేక, గొట్టం లోపల బుల్లెట్‌ను తిప్పే గాడుల్లో పూతలా అంటుకుపోయేది. అంతకు కాస్త ముందే, 1882లో, స్విట్జర్లాండుకు చెందిన ఎడ్వర్డ్ రూబిన్ సీసానికి వేసిన రాగి తొడుగు అప్పుడు అక్కరకు వచ్చింది. సీసం బరువూ దక్కింది, రాగి గట్టిదనమూ తోడైంది.

పూర్తిగా తొడుగున్న బుల్లెట్ మాత్రం శరీరంలో విచ్చుకోదు. 1890ల్లో కలకత్తా పక్కనున్న డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో నెవిల్ బెర్టీ క్లే అనే అధికారి ముక్కు దగ్గర తొడుగు తీసేసి సీసాన్ని బయట పెట్టాడు. తగలగానే ఆ ముక్కు పుట్టగొడుగులా విచ్చుకుంది. మనుషుల మీద దాన్ని వాడటం క్రూరమని 1899లో హేగ్ సమావేశం యుద్ధాల్లో నిషేధించింది. అదే గుణం వేటలో దయ అయింది, ఎందుకంటే విచ్చుకునే బుల్లెట్ జంతువును త్వరగా పడేస్తుంది. నేటి జింక బుల్లెట్ల కథలో మన దేశపు గడ్డకూ ఒక చోటు ఉంది.

ఇప్పుడు ఆ తొడుగును దగ్గరగా చూద్దాం. 95 పాళ్ల రాగి, 5 పాళ్ల జింకు కలిపిన రేకులోంచి బిళ్లను కోస్తారు. దాన్ని నొక్కి గిన్నె చేస్తారు. ఆ గిన్నెను ఒకదాని తర్వాత ఒకటిగా సన్నబడే అచ్చుల్లోంచి లాగి పొడవాటి గొట్టంగా సాగదీస్తారు. కాస్త ఆంటిమొనీ కలిపి గట్టిపరచిన సీసం తీగను ముక్కలుగా కోసి లోపల పెడతారు. చివరగా ముక్కును మొనదేలుస్తారు. తొడుగు గోడ ముక్కు దగ్గర పలచగా మొదలై అడుగుకు వచ్చేసరికి మందమవుతుంది. పలచన ఉన్నచోట విచ్చుకోవడం మొదలవుతుంది, మందం పెరిగేకొద్దీ నెమ్మదిస్తుంది, ఒకచోట ఆగుతుంది. ఎంత లోతున ఎంత విచ్చుకోవాలో ఆ గోడ వాలులోనే నిర్ణయించి పెట్టారు. బుల్లెట్‌కు లోపల ఏ యంత్రమూ లేదు, లోహం మందంలోని తేడాయే దాని యంత్రం. ఆ ఆలోచన ముందు నాకు చేతులు జోడించాలనిపిస్తుంది.

గోడ చుట్టూ ఒకే మందంగా ఉండటం కూడా అంతే ముఖ్యం. .243 గొట్టంలోని గాడులు సాధారణంగా పది అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. ఆ లెక్కన బుల్లెట్ నిమిషానికి రెండు లక్షల సార్లకు పైగా తిరుగుతూ బయటికి వస్తుంది. తొడుగు ఒకవైపు వెంట్రుకవాసి మందమైనా బరువు మధ్యగీత తప్పుతుంది, ఆ వేగానికి బుల్లెట్ ఊగుతుంది, లక్ష్యం తప్పుతుంది.

మధ్యలో ఒక గోడ

1946లో జాన్ నోస్లర్ అనే అమెరికన్ కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మూస్ అనే భారీ జింకను వేటాడాడు. ఒళ్లంతా బురద గట్టిపడిన ఆ జంతువు మీద అతని వేగవంతమైన బుల్లెట్లు పైపైనే పగిలిపోయాయి, లోపలికి దిగలేదు. తిరిగొచ్చి అతను కొత్త బుల్లెట్ ఆలోచించాడు. రాగి తొడుగును ముందూ వెనకా బోలుగా ఉంచి, మధ్యలో అడ్డంగా అదే రాగితో గోడ కట్టాడు. రెండు వైపులా సీసం నింపాడు. ముందు భాగం విచ్చుకుంటుంది, గోడ దగ్గర ఆగిపోతుంది. వెనక భాగం బరువు చెదరకుండా ముందుకు తోస్తుంది. 1948లో అమ్మకానికి వచ్చిన ఈ పార్టిషన్ బుల్లెట్ ఇప్పటికీ తయారవుతోంది. ఆరు మిల్లీమీటర్లలో 85, 95, 100 గ్రెయిన్ల బరువుల్లో దొరుకుతుంది. చిన్న క్యాలిబర్‌తో జింక వేటకు వెళ్లేవాళ్లకు దీనివల్ల ధైర్యం వచ్చింది.

తర్వాతి అడుగు సీసాన్నే వదిలేయడం. 1980ల్లో బార్న్స్ సంస్థ నడిపిన రాండీ బ్రూక్స్ మొత్తం రాగితో బుల్లెట్ చేశాడు. ముక్కులోని రంధ్రం నాలుగు రేకులుగా విడుతుంది, తునకలు రాలవు, బరువు దాదాపు పూర్తిగా నిలుస్తుంది. దీనికి ఇంకో మేలూ తోడైంది. వేటాడిన జంతువు అవశేషాల్లో మిగిలే సీసం తునకలు తిని కాలిఫోర్నియాలో కాండోర్ రాబందులు చనిపోయేవి. ఆ రాష్ట్రం 2019 జులై 1 నుంచి వేటలో సీసం తూటాలను పూర్తిగా నిషేధించింది. సీసం లేకుండా కూడా పని జరుగుతుందని బుల్లెట్ చేసేవాళ్లు ముందే రుజువు చేసి ఉండటం ఆ చట్టానికి బలమైంది.

గొట్టం ఒప్పుకోవాలి

మంచి బుల్లెట్ అన్ని తుపాకుల్లోనూ మంచిది కాదు. దీనికి 1955 కంటే మంచి పాఠం లేదు. వించెస్టర్ .243ను తెచ్చిన ఏడే రెమింగ్టన్ సంస్థ .244 తెచ్చింది. బుల్లెట్ వ్యాసం ఒకటే. రెమింగ్టన్ తూటాలో మందు పట్టే చోటు ఇంకా కాస్త ఎక్కువే. తేడా అంతా గాడుల మెలికలో వచ్చింది. చిన్న జంతువుల కోసం తేలిక బుల్లెట్లే వాడతారనుకుని రెమింగ్టన్ పన్నెండు అంగుళాలకు ఒక చుట్టు పెట్టింది, వించెస్టర్ పదికి ఒకటి పెట్టింది. బుల్లెట్ ఎంత పొడవైతే అంత వేగంగా తిరగాలి, లేకపోతే దారిలో తూలుతుంది. జింకకు కావలసిన వంద గ్రెయిన్ల పొడవాటి బుల్లెట్‌ను వించెస్టర్ గొట్టం నిలబెట్టింది, రెమింగ్టన్ గొట్టం మీద జనానికి ఆ నమ్మకం కలగలేదు. 1963లో రెమింగ్టన్ మెలికను తొమ్మిది అంగుళాలకు బిగించి, 6 మిల్లీమీటర్ రెమింగ్టన్ అని పేరు మార్చింది. అప్పటికే కొనేవాళ్లు .243 వైపు వెళ్లిపోయారు.

రాగి బుల్లెట్‌కూ ఇదే సూత్రం. సీసం సాంద్రత 11.34, రాగిది 8.96. అదే బరువుకు రాగి బుల్లెట్ పొడవవుతుంది, ఎక్కువ మెలిక అడుగుతుంది. అందుకే పదికి ఒక చుట్టున్న గొట్టంలో వంద గ్రెయిన్ల రాగి కోసం పట్టుబట్టకుండా 80, 85 గ్రెయిన్లవి ఎంచుకోవడం మేలు. బరువు నిలుపుకునే గుణం రాగికి ఎలాగూ ఉంది.

మన రేంజిలో ఇదే విద్య

హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 701.1 పాయింట్లతో కంచు పతకం గెలిచాడు. వెండి పతకం వచ్చినది 701.5కు. ఫైనల్ లెక్కలో 0.1 పాయింటంటే లక్ష్యం మీద పావు మిల్లీమీటరు. అంటే రెండు పతకాల మధ్య తేడా ఒక మిల్లీమీటరంత.

ఆ పోటీలో వాడే పెల్లెట్ వ్యాసం నాలుగున్నర మిల్లీమీటర్లు, బరువు అర గ్రాము చిల్లర. దాని పని జింక బుల్లెట్ పనికి పూర్తిగా ఎదురు. అది విచ్చుకోకూడదు, కాగితంలో గుండ్రంగా, శుభ్రంగా చిల్లు కొయ్యాలి. అందుకే ముందు భాగం చదునుగా ఉంటుంది. నడుము సన్నం, వెనక భాగం పలచని పావడాలా ఉంటుంది. గాలి ఒత్తిడికి ఆ పలచని అంచు వెడల్పై గొట్టానికి అతుక్కుంటుంది, గాలి పక్కనుంచి తప్పించుకోదు. ఇక్కడ కూడా పని చేయించేది లోహం మందంలోని తేడాయే.

డబ్బాల మీద 4.49, 4.50 అని తల కొలతలు వేసి ఉంటాయి. మిల్లీమీటరులో నూరో వంతు తేడాకు వేరే డబ్బా. ఒకే కంపెనీ, ఒకే రకం, ఒకే కొలత అయినా ఒక బ్యాచ్ ఒక రైఫిల్‌కు నచ్చుతుంది, ఇంకోటి నచ్చదు. అందుకే గట్టి షూటర్లు రైఫిల్‌ను బిగింపులో పెట్టి, మనిషి చేతి వణుకు కలవకుండా, ఒక్కో బ్యాచ్‌లోంచి కాల్చి చూస్తారు. అన్ని చిల్లులూ ఒకదాని మీద ఒకటి పడిన బ్యాచ్‌ను సీజనంతటికీ సరిపడా కొనిపెట్టుకుంటారు. 50 మీటర్ల పోటీలో .22 తూటాలకూ ఇదే పద్ధతి.

వేటగాడికైనా షూటర్‌కైనా ఎంపిక క్రమం ఒకటే. ముందు పని ఏమిటో తేల్చుకోవాలి: విచ్చుకోవాలా, చిల్లు కొయ్యాలా. తర్వాత తన గొట్టం ఏమి నిలబెట్టగలదో తెలుసుకోవాలి. చివరగా మూడు నాలుగు రకాలు తెచ్చి, కాల్చి, కొలిచి, ఆ కొలత చెప్పినదాన్ని తీసుకోవాలి. ఖరీదు, పేరు, పక్కవాడి సలహా ఇవేవీ ఆ కొలతకు సాటిరావు. ఈ క్రమాన్ని పాటించిన షూటర్ తన రైఫిల్‌ను, తొడుగు మందాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా నిలిపిన ఏదో దేశపు పనివాడి శ్రమను ఒకేసారి గౌరవించినట్టు. షూటింగ్ నేర్చుకుంటున్న మన పిల్లలకు గురి పెట్టడంతో పాటు ఈ ఎంచుకునే విద్యను కూడా మొదటి ఏడాదే నేర్పాలి.