పోర్టర్‌కి చలి పడదు

మన దగ్గర బీరు కొనేవాడు ముందుగా అడిగేది 'కూలింగ్ ఉందా?' అనే. మన ఎండలు అలాంటివి, తప్పు పట్టలేం. లాగర్‌కి ఆ ప్రశ్న చాలు. పోర్టర్ దగ్గర మాత్రం అదే కొంప ముంచుతుంది.

18వ శతాబ్దం మొదట్లో లండన్‌లో పుట్టిన నల్ల బీరు ఇది. రేవుల్లో, వీధుల్లో బరువులు మోసే కూలీలు ఇష్టపడి తాగడంతో వాళ్ల పేరే దానికి స్థిరపడింది. వాళ్లకి ఫ్రిజ్‌లెక్కడివి? నేలమాళిగలో పీపా ఎంత చల్లగా ఉంటే అంతే.

ఫుల్లర్స్ లండన్ పోర్టర్ దొరికినప్పుడు సీసాని ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బల్లమీద వదిలేస్తాను. 12 డిగ్రీల దగ్గరికి రావాలి. (ఇంట్లో దీన్ని నా పూజ అంటారు.) గ్లాసులో పోసి దీపానికి అడ్డం పెడితే నలుపు కాదని తెలుస్తుంది, అంచుల్లో ముదురు ఎరుపు కనబడుతుంది. మరీ చల్లగా తాగితే గ్యాసు, మాడు చేదు తప్ప ఏమీ తగలవు. చలి వదిలాక కాఫీ వాసన, చాక్లెట్, ముదురు పాకం తీపి ఒకదాని వెనక ఒకటి వస్తాయి. చేదు చివర్లో వస్తుంది, వచ్చి కాసేపు ఉంటుంది.

ఈ మాడు రుచికి మూలం లెక్కల పుస్తకంలో ఉంది. మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. రసంలో చక్కెర ఎంతుందో కొలిచే హైడ్రోమీటర్ చేతికొచ్చాక, ఖరీదెక్కువైనా లేత రంగు మాల్టే ఎక్కువ చక్కెర ఇస్తోందని బ్రూవర్లు కనిపెట్టారు. అటు మళ్లారు, బీరు రంగు తేలిపోయింది. రంగు కోసం మాల్ట్ కానివి కలపడాన్ని ప్రభుత్వం 1816లో నిషేధించింది. మరుసటి ఏడాదే డేనియల్ వీలర్, కాఫీ గింజల్లా మాల్ట్‌ని డ్రమ్ములో తిప్పుతూ నల్లగా వేయించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అది కాస్త వేస్తే చాలు, పీపా అంతా నల్లబడుతుంది. కాబట్టి పాతకాలపు కూలీల రుచినే ఆస్వాదిస్తున్నామని ఎవరైనా అంటే నేను నమ్మను. వాళ్లది బ్రౌన్ మాల్ట్ బీరు, పెద్ద పెద్ద తొట్లలో నెలల తరబడి మాగి పులుపెక్కినది. ఫుల్లర్స్ వాళ్లు బ్రౌన్ మాల్ట్ వేస్తారుగానీ ఆ పులుపు ఇందులో లేదు. నాకు లోటుగానూ లేదు.

నంజుకోవడానికి మిరపకాయ బజ్జీ వద్దు. కారం తోడైతే ఆ చేదు మరీ మొరటుగా తగులుతుంది. ఉప్పేసి వేయించిన వేరుశనగపప్పు బాగా కుదురుతుంది.