లేవదీయకండి, లేవనివ్వండి

వృద్ధాశ్రమంలో మంచి సేవ అంటే పెద్దవాళ్లకు కాలు కదిపే పని లేకుండా చూడటమేనన్న అభిప్రాయం మనలో బలంగా నాటుకుంది. మంచినీళ్లు మంచం దగ్గరికే వస్తాయి, బాత్రూముకు చక్రాల కుర్చీలో తీసుకెళ్తారు. అందులో ప్రేమ ఉంది, కాదనను. కానీ వాడని కండ కరిగిపోతుంది. 2007లో అచ్చయిన ఓ అమెరికా అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను పది రోజులు మంచానికే పరిమితం చేస్తే కాళ్లలో సుమారు కిలో కండ తగ్గింది. ఆశ్రమాల్లో ఇది ఏళ్ల తరబడి సాగుతుంది. చివరికి ‘వయసైపోయింది’ అంటాం. అందులో వయసు వాటా ఎంత, మన సేవ వాటా ఎంత అని అడగం.

పోయిన బలం మళ్లీ వస్తుందని 1990లోనే తేలింది. బోస్టన్‌లోని ఓ వృద్ధుల సంరక్షణ కేంద్రంలో మరియా ఫియటరోన్ బృందం తొంభయ్యేళ్ల వాళ్ల చేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తించింది. పూర్తిచేసిన తొమ్మిది మందికీ కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇంత కొద్దిమందితో ఏం తేలుతుందని అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. 1994లో ఆమె బృందమే వంద మందితో చేసిన అధ్యయనం దానికి జవాబు. వ్యాయామం చేసినవాళ్లకు నడక వేగం, మెట్లెక్కే శక్తి పెరిగాయి. వ్యాయామం లేకుండా పోషకాహార పానీయం ఒక్కటే ఇస్తే నీరసం తగ్గలేదు. నెలనెలా బలం పొడి డబ్బాలు తెచ్చిచ్చి వెళ్లే కొడుకులూ కూతుళ్లూ ఈ మాట గుర్తుంచుకోవాలి.

‘పడిపోతే ఎవరిది బాధ్యత?’ అని నిర్వాహకులు అడుగుతారు. తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో తెలిసినవాళ్లెవరూ ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోరు. అయితే కూర్చోబెడితే ప్రమాదం తప్పదు, వాయిదా పడుతుందంతే. కాళ్లలో పట్టు తప్పిన మనిషి అర్ధరాత్రి బాత్రూముకని ఒంటరిగా లేచినప్పుడు పడతారు. 65 దాటినవాళ్లు వారానికి కనీసం మూడు రోజులు బలం పెంచే, తూలకుండా నిలబెట్టే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది, పడిపోకుండా ఉండేందుకే. ఆయాలు చాలరన్నది ఇంకో అభ్యంతరం, ఇదే గట్టిది. చంకల కింద చేతులేసి లేపడం క్షణం పని. ‘మీరే లేవండమ్మా, నేను పక్కనే ఉన్నా’ అని ఆగడానికి సమయం, ఓపిక కావాలి. సేవలోని నేర్పంతా ఆ ఆగడంలోనే ఉందని నా నమ్మకం. కాబట్టి ఆ నిమిషాలను ఆయా డ్యూటీలో లెక్కగట్టాలి, జీతంలోనూ. జీవితమంతా కష్టపడ్డారు, విశ్రాంతి తీసుకోనివ్వండి అనేవాళ్లూ ఉన్నారు. తీసుకోనిద్దాం, బలవంతం వద్దు. కానీ అది వాళ్లు కోరుకున్న విశ్రాంతి కావాలి, లేవలేక మిగిలిపోయింది కాకూడదు.

ఈసారి మీవాళ్లను చూడటానికి వెళ్లినప్పుడు భోజనం ఎలా ఉందని అడగడంతో ఆగకండి. ఈ వారం ఎన్నిసార్లు నడిపించారని నిర్వాహకులను అడగండి. డాక్టరు వద్దనకపోతే, చెయ్యి అందించి వాళ్లతో వరండా చివరిదాకా నడవండి.