భుజాన కెమెరా

పెళ్లి ఫొటోగ్రాఫర్‌ని మండపం దగ్గర కాసేపు గమనించండి. జీలకర్ర బెల్లం వేళకు పీటల ముందు మోకాళ్ల మీద ఉంటాడు. తలంబ్రాలు మొదలయ్యేసరికి కుర్చీ ఎక్కి ఉంటాడు. ఒక కెమెరా కంటి దగ్గరుంటే, రెండోది ఒంటి మీద వేలాడుతుంటుంది. ఆ రెండోది హోమగుండం వైపు ఊగకూడదు, తలంబ్రాల పళ్లేనికి తగలకూడదు, కావలసిన క్షణంలో మాత్రం చేతికందాలి. దీని వెనక ఎంతో పనితనం ఉంది. ఫొటోలను మెచ్చుకునేటప్పుడు అది ఎవరికీ గుర్తు రాదు.

కెమెరా మొదటినుంచీ ఇలా ఒంటి మీద వేలాడేది కాదు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ కాలంలో కెమెరా అంటే పెద్ద చెక్కపెట్టె, మూడుకాళ్ల స్టాండు, గాజు పలకలు. 1925లో లైప్‌జిగ్ సంతలో లైకా బయటికొచ్చింది. ఆస్కర్ బార్నాక్ రూపొందించిన ఆ చిన్న కెమెరాతో వీధుల్లో తిరిగేవాళ్ల పని సులువైంది. లైకాతో లోకం చుట్టిన ఆన్రీ కార్టియే-బ్రెస్సాన్ దాని మెరిసే భాగాలకు నల్లటేపు అంటించేవాడు, ఎవరి కంటా పడకుండా. ఇవాళ కంపెనీ పేరు పెద్దక్షరాలతో ఉన్న బెల్టును మెడలో వేసుకుని జాతరలో తిరగడమంటే, దొంగకు మనమే కబురు పెట్టడం. పేరు లేని నల్ల బెల్టే మేలు.

మళ్లీ మండపం దగ్గరికి వద్దాం. డీఎస్‌ఎల్‌ఆర్ బాడీకి 70-200 లెన్సు, అదీ ఎఫ్ 2.8 రకం తగిలిస్తే బరువు రెండు కిలోలు దాటుతుంది. కెమెరాతో వచ్చే బెల్టును మెడలో వేసుకుంటే ఆ బరువంతా మెడ వెనక ఎముకల మీదే పడుతుంది. ఒక అరగంటకు ఫరవాలేదు. తెల్లవారుజాము ముహూర్తానికి రాత్రంతా నిలబడేవాడికి అది శిక్ష.

అందుకే అనుభవజ్ఞులు బెల్టును జంధ్యంలా అడ్డంగా వేస్తారు. ఎడమ భుజం మీంచి కుడి తుంటి దాకా, లెన్సు నేల వైపు చూస్తూ. కెమెరా తుంటి ఎముక దగ్గర ఆగాలి. అంతకన్నా కిందికి దిగితే మెట్లెక్కేటప్పుడు తొడకు కొట్టుకుంటుంది. వంగే ముందు ఒక చెయ్యి దానంతటదే కెమెరా మీదికి వెళ్లాలి. సీనియర్ల దగ్గర పనిచేసే కుర్రాళ్లు మొదట నేర్చుకోవలసింది ఇదేనని నా నమ్మకం. రెండు కెమెరాలు తప్పనిసరైతే రెండు భుజాల మీదా బరువు పంచే జోడు బెల్టు తీసుకోవాలి.

అసలు ప్రమాదం బిగింపు దగ్గరుంది. అడ్డబెల్టులు చాలావరకు కెమెరా అడుగున స్టాండు బిగించే పావు అంగుళం మరకు తగులుతాయి. నడిచినప్పుడల్లా ఊగి ఊగి ఆ మర వదులవుతుంది. రబ్బరు వాషరు వెయ్యాలి, ఒక తంతుకూ మరో తంతుకూ మధ్య బిగించి చూసుకోవాలి. బెల్టు నుంచి కెమెరా పక్క కొక్కేనికి ఇంకో చిన్న తాడు కట్టుకుంటే, మర ఊడినా కెమెరా నేల మీద పడదు. లెన్సు బరువైనదైతే దాని సొంత స్టాండు పట్టీకే బెల్టు తగిలించాలి. లేకపోతే ఆ బరువంతా లెన్సూ బాడీ కలిసే చోట పడుతుంది. మామూలు బెల్టయితే బకిల్ దాటిన కొసను రెండంగుళాలైనా వదిలి, మళ్లీ లోపలికి దోపాలి.

మెత్తగా సాగే బెల్టులు షాపులో హాయిగా అనిపిస్తాయి. నడిస్తే మాత్రం అడుగడుక్కీ కెమెరా ఎగిరెగిరి పడుతుంది. వెడల్పాటి సాగని నూలుపట్టీకే నా ఓటు. చిన్న కెమెరాకైతే మణికట్టు పట్టీ చాలు.

బైకు మీద వెళ్లేటప్పుడు కెమెరా ఛాతీ మీద వేలాడకూడదు. బండి జారితే అది పక్కటెముకలకూ రోడ్డుకూ మధ్య పడుతుంది. వీపు సంచిలో, బట్ట చుట్టి పెట్టాలి. రద్దీ రైల్లో మాత్రం అదే సంచిని ముందుకు తగిలించుకోవాలి.

బెల్టు కొనేటప్పుడు మీ కెమెరాను, అన్నిటికన్నా పొడవైన లెన్సుతో సహా, షాపుకి తీసుకెళ్లండి. తగిలించుకుని మోకాళ్ల మీద కూర్చోండి. లెన్సు నేలకు తగిలిందంటే ఆ బెల్టును ఇంకో బెత్తెడు తగ్గించాలి.