బిషప్ గుండె, సన్యాసినుల వంటిల్లు

మెక్సికోలోని పుయెబ్లా నగరాన్ని స్పానిష్ వలసపాలకులు 1531లో కట్టారు. పాత నగరాన్ని యునెస్కో 1987లో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. అక్కడి మ్యూజియంలు కొన్ని ఒకప్పటి మఠాలు, సెమినరీలు. యాత్రికుల పుస్తకాలు వాటిని అందాన్ని బట్టి వరసలో పెడతాయి. ఎవరి మాటను ఎవరు రాశారన్న వరసలో చూస్తే వేరే ఊరు కనిపిస్తుంది.

ముందు పలఫాక్సియానా గ్రంథాలయం. 1646లో బిషప్ హువాన్ దె పలఫాక్స్ తన 5,000 పుస్తకాలను సెమినరీకి ఇచ్చేశాడు, చదవడం వచ్చిన ఎవరికైనా అందుబాటులో ఉండాలన్న షరతుతో. ఇప్పుడున్న హాలు 1773 నాటిది. చెక్క అల్మారాల్లో 45,000కి పైగా సంపుటాలు. చూస్తే నోట మాట రాదు. కానీ ఆ 'ఎవరికైనా' అన్న మాట, మఠం గడప దాటలేని స్త్రీలకు ఏ మేరకు వర్తించిందో ఆలోచించుకోవాల్సింది మనమే.

ఆ ప్రశ్నను వెంటబెట్టుకుని శాంతా మోనికా మ్యూజియంకి వెళ్లాలి. 17వ శతాబ్దం మొదట్లో అది భర్తలు ఊళ్లో లేని భార్యలను ఉంచే ఇల్లు. తర్వాత 'చెడిపోయిన' ఆడవాళ్లను బంధించే ఇల్లు. ఆ తర్వాత పేద కన్యల విద్యాలయం. 1688లో అగస్టీనియన్ సన్యాసినుల మఠం. ఆడవాళ్లను ఇన్ని రకాలుగా విడదీశారు, అందరికీ సరిపోయినవి మాత్రం అవే గోడలు! 19వ శతాబ్దపు సంస్కరణ చట్టాలు మఠాలను మూయించాక కూడా సన్యాసినులు అక్కడ రహస్యంగా బతికారు. 1934లో పోలీసులు కనిపెట్టి మూయించారు. యాత్రికులను లాగేది ఈ రహస్యం కథే. నన్ను ఆపేది మాత్రం అక్కడ భద్రపరిచిన ఒక గుండె. అలంకారం కాదు, నిజం గుండె. మఠాన్ని స్థాపించిన బిషప్ మాన్యువల్ ఫెర్నాండెజ్ దె శాంతా క్రూజ్‌ది.

ఈయనను సాహిత్య విద్యార్థులు మరో పేరుతో ఎరుగుదురు. మెక్సికో నగరపు సన్యాసిని, కవయిత్రి సోర్ హువానా ఇనెస్ దె లా క్రూజ్ ఒక జెస్యూట్ ప్రసంగాన్ని విమర్శిస్తూ రాసినదాన్ని 1690లో ఆమె అనుమతి లేకుండా పుయెబ్లాలో అచ్చు వేయించింది ఈయనే. ముందు ఒక ఉత్తరం జోడించాడు. ప్రతిభను మెచ్చుకుంటూనే, లౌకిక విద్యలు తగ్గించి దైవచింతన పెంచుకోమని హితవు. కింద సంతకం 'సోర్ ఫిలోతియా', అంటే ఒక సన్యాసిని! మన దగ్గర 1960లు, 70లలో కొందరు మగ రచయితలు ఆడపేర్లు పెట్టుకున్నది అచ్చు కోసం, అమ్మకం కోసం. ఇక్కడ ఆడపేరు అధికారానికి ముసుగు. ఆ ఫిలోతియా ఎవరో తెలిసే, తోటి సన్యాసినికి రాస్తున్నంత వినయంగా హువానా 1691లో జవాబు రాసింది. ఆ వినయంలోంచే స్త్రీలకు చదువుకునే హక్కుందని వాదించింది. వంటింట్లో గుడ్డు వేయిస్తూ కూడా ప్రకృతి ధర్మాలు గమనించానంది. 1695లో ఆమె పోయింది. జవాబు అచ్చయింది 1700లో.

వంటిల్లు అన్నాను కదా, శాంతా రోసా మఠం వంటిల్లు చూడండి. గోడలూ కప్పూ అంతా తలవేరా పింగాణీ పలకలే. ఎండుమిరపకాయలు, నువ్వులు, కోకో కలిపి చేసే 'మోలే' అక్కడే పుట్టిందని, చేసింది సోర్ ఆంద్రెయా అని ఐతిహ్యం. 1821లో సైన్యాధిపతి ఇతుర్బిదె కోసం శాంతా మోనికా సన్యాసినులు 'చీలె ఎన్ నొగాదా' వండారని మరో కథ. ఒక మగ అతిథి వస్తే తప్ప ఈ కథల్లో ఆడవాళ్లకు ఏదీ తోచదు. కొన్ని కథనాల్లో మోలే కుదరడం కూడా కంగారులో జరిగిన అద్భుతమే! 'మోలే' నహువాతల్ మాట. మిరపా, కోకో ఆ నేలవే. వాటిని వేయించి నూరడం తరతరాలుగా తెలిసిన మూలవాసి స్త్రీల పేర్లు ఐతిహ్యంలోకి కూడా రాలేదు.

మ్యూజియం కాకపోయినా జెస్యూట్ల చర్చి లా కొంపనీయాకి వెళ్లకుండా ఊరు వదలకూడదు. కతరీనా దె సాన్ హువాన్ సమాధి అక్కడిదే. మన దేశపు పిల్ల. సముద్రపు దొంగలు ఎత్తుకుపోతే కొచ్చిన్, మనీలా మీదుగా బానిసగా పుయెబ్లా చేరింది. 1688లో చనిపోయింది. ఆమెకు చదవడం, రాయడం రాదు. ఆమె దర్శనాలనూ మాటలనూ జెస్యూట్ గురువు అలోన్సో రామోస్ మూడు సంపుటాలుగా రాశాడు, ఇంక్విజిషన్ నిషేధించింది. ఊరు మాత్రం ఆమెను 'చీనా పొబ్లానా' అన్న పేరుతో గుర్తుంచుకుంది. ఆసియా వాళ్లందరూ అప్పట్లో 'చీనా'లే. ఇవాళ ఆ పేరు తళుకుల లంగా, కుట్టుపని రవికె ఉన్న ఒక జాతీయ వేషానిది. కతరీనా తొడిగిన బట్టలకూ దానికీ ఏ సంబంధమూ లేదు.