టీ కొట్టు దగ్గరి తిట్లు

ఈ వారం రెండు వానలకే మా వీధి మురుగుకాలవ రోడ్డెక్కింది. పామర్రు సెంటర్లో టీ తాగుతూ అందరం దాని మీదే పడ్డాం. అధికారుల్ని తిట్టాం, నాయకుల్ని తిట్టాం, క్యారీబ్యాగులు కాలవలో పారేసేవాళ్లని తిట్టాం. గ్లాసులు ఖాళీ కాగానే ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండింది.

మురుగు గురించి ఈ శీర్షికలో ఎన్నోసార్లు రాశాను. రాసిన ప్రతిసారీ చల్లపల్లి పేరెత్తకుండా ఉండలేను. కూచిపూడి మీదుగా వెళ్తే ఎంతో దూరం లేదు. 2014 నవంబర్ 12న డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్, డాక్టర్ పద్మావతి దంపతులు కొందరు మిత్రులతో కలిసి అక్కడ వీధులు ఊడవడం మొదలుపెట్టారు. స్వచ్ఛభారత్ ప్రకటించి అప్పటికి నెలన్నర కూడా కాలేదు. చాలా ఊళ్లలో అది ఫొటోలతోనే ఆగిపోయింది. చల్లపల్లిలో మాత్రం తెల్లవారుజామున నాలుగున్నరకల్లా కార్యకర్తలు పారలు, చీపుర్లు పట్టుకుని రావడం ఏళ్ల తరబడి సాగింది. ముక్కు మూసుకుని దాటాల్సిన రోడ్డు వారల్లో పూలమొక్కలు లేచాయి. శ్మశానమూ బాగుపడింది.

ఆ వైపు దివిసీమ జనానికి చాకిరీ కొత్త కాదు. 1977 నవంబర్ 19 ఉప్పెన తర్వాత శవాలెత్తినవాళ్లు, బురద తోడినవాళ్లు, కూలిన ఇళ్లు నిలబెట్టినవాళ్లు ఎందరో! ఆపద వస్తే ఊళ్లకి ఊళ్లే కదులుతాయి. ఏ ఆపదా లేని మామూలు మంగళవారం నాడు చీకటితో లేచి, ఎవరో పారేసిన చెత్త ఎత్తడమే నాకు అంతకంటే కష్టమైన పనిగా తోస్తుంది.

అందుకే 'తిట్లు మాని చీపురు పట్టండి' అని రాద్దామనే కూర్చున్నాను. మా వీధి చివర ఉండే ఒకావిడ గుర్తొచ్చి కలం ఆగింది. నాట్ల రోజుల్లో తెల్లారకముందే కూలి ఆటో ఎక్కుతుంది. కాలవ పొంగితే మురుగు ముందు చేరేది ఆవిడ గుమ్మంలోకే. ఇంటిపన్నూ కడుతుంది. ఆవిడకి చీపురు అందించి ఊరుకోవడం న్యాయమా? ఆవిడ ఫిర్యాదు సణుగుడు కాదు, హక్కు. 1994 పంచాయతీరాజ్ చట్టంలో గ్రామసభ ఉన్నది ఆ మాట వినడానికే.

కాకపోతే గ్రామసభ పెట్టే వేళకి ఆవిడ చేలో ఉంటుంది. టీ కొట్టు దగ్గర గంటసేపు కూర్చోగల మనమే ఆవిడ చెప్పింది చెప్పినట్టు అర్జీ రాసిపెట్టాలి. వీధంతా తిరిగి సంతకాలు పెట్టించాలి, తేదీ వేసిన రసీదు తీసుకోవాలి. పూడిక తీసేదాకా ఆ రసీదు పట్టుకుని తిరగాలి.