నిరీక్షణే యుద్ధమైన చోట: అలన్ లూయిస్ భారతదేశ రచనలు

వ్యాస సంగ్రహం

రెండో ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ సైన్యాధికారిగా భారతదేశానికి వచ్చిన వేల్స్ కవి, కథకుడు అలన్ లూయిస్ (1915–1944). అతని చివరి రచనలను మృత్యుకాంక్షకు నిదర్శనాలుగా చదవడం పరిపాటి. పోరాటం లేని నిరీక్షణ, రోగం, పాలకసైన్యంలో ఒకడిననే అపరాధభావం ఆ రచనలకు మూలమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: యుద్ధసాహిత్యం, వలసపాలన, సైనిక జీవితం, సానుభూతి, మౌనం.

నేపథ్యం

లూయిస్ దక్షిణ వేల్స్‌లోని బొగ్గుగనుల లోయలో పుట్టాడు. యుద్ధవ్యతిరేక భావాలున్నా 1940లో సైన్యంలో చేరాడు. 1942 డిసెంబరులో అతని దళం బొంబాయిలో దిగింది. అప్పటికి క్విట్ ఇండియా ఉద్యమాన్ని అణచివేసి కొన్ని నెలలే అయింది. పుణె సమీపంలోని నీరా శిబిరంలో శిక్షణ సాగింది. అతడు చాలాకాలం శత్రువును చూడనేలేదు. ఎండనూ, దుమ్మునూ, విరేచనాల వ్యాధినీ, విరిగిన దవడతో గడిపిన ఆసుపత్రి రోజులనూ చూశాడు. ఆసుపత్రి వార్డులో వైద్యమండలి నిర్ణయానికై ఎదురుచూసే అధికారుల కథ ఈ అనుభవం నుంచే పుట్టింది. అందులో యుద్ధమంటే మంచం మీది కాలక్షేపం. మనిషి భవితవ్యం ఒక కాగితం మీది సంతకం.

చూపు, దాని పరిమితి

‘ది మరాఠా ఘాట్స్’ కవితలో ఎండిన కొండలు, బక్కచిక్కిన రైతులు కనిపిస్తారు. ప్రశ్నోత్తరాల రూపంలో ఉన్న ముగింపు బిచ్చగాణ్ణీ సైనికుణ్ణీ పక్కపక్కన నిలబెడుతుంది. గనికార్మికుల పేదరికాన్ని ఎరిగిన కవికి ఈ సామ్యం సహజంగానే తోచింది. అయితే ఈ సామ్యాన్ని యథాతథంగా స్వీకరించలేం. సైనికుడు జీతం తీసుకుంటాడు, ఆయుధం ధరిస్తాడు, ఏదో ఒకనాడు స్వదేశానికి వెళ్లే ఆశతో ఉంటాడు. రైతుకు ఆ వెసులుబాటు లేదు. ‘కరంజే విలేజ్’ కవితలో ఈ దూరం కవికే తెలిసివస్తుంది: గ్రామస్థుల ఆకలినీ, వారి వైముఖ్యాన్నీ అతడు దాచడు. రాతి విష్ణువు ఎదుట నిలిచినప్పుడు కూడా అతడు పరదేశిగానే మిగిలిపోతాడు. సామ్యాన్ని చాటిన కవితకన్నా దూరాన్ని ఒప్పుకున్న ఈ కవితే నిజాయితీలో మిన్న.

‘ది ఆరెంజ్ గ్రోవ్’ కథ ఈ సమస్యను మరింత లోతుకు తీసుకువెళ్తుంది. ప్రయాణంలో డ్రైవరు హత్యకు గురవుతాడు. అధికారి శవాన్ని ట్రక్కులో పెట్టుకుని ఒంటరిగా బయలుదేరి దారి తప్పుతాడు. వాహనం నదిలో చిక్కుకుంటుంది. చివరికి సంచారజాతివారు శవాన్ని మోస్తారు. హోదా, వాహనం, సైనిక క్రమశిక్షణ ఒక్కొక్కటిగా నిరుపయోగమవుతాయి. పాలకుడు పాలితుల దయమీద ఆధారపడే స్థితికి చేరడమే కథాగమనం. కానీ ఆ దయకు కారణమేమిటో, మోసేవారి మనసులో ఏముందో కథ చెప్పదు. హంతకుడి పక్షమూ అందులోకి రాదు. ఈ మౌనాన్ని రెండు విధాలుగా అర్థం చేసుకోవచ్చు. తెలియని మనసును తెలిసినట్లు రాయని సంయమనం ఒకటి. స్థానికులను సైనికుడి ఆత్మశోధనకు సాధనాలుగా మార్చే వలసదృష్టి మరొకటి. రెండూ కథలో కలిసే ఉన్నాయి. ఒకదాన్ని విస్మరించిన విమర్శ అసంపూర్ణం.

మరణం – వ్యాఖ్యానం

కరాచీలో సైనిక శిక్షకుడి ఉద్యోగం లభించే అవకాశమున్నా లూయిస్ తన దళంతో ఉండటానికే మొగ్గు చూపాడు. 1944 మార్చి 5న బర్మాలోని అరకాన్ ప్రాంతంలో సొంత రివాల్వరు గుండుతో మరణించాడు. సైనిక విచారణ దాన్ని ప్రమాదంగా నిర్ధారించినా సందేహాలు మిగిలాయి. ఆ సందేహాన్ని పట్టుకుని ప్రతి కవితలోనూ మరణసూచన వెతికితే, ఆ కవితల్లోని రైతు మళ్లీ అదృశ్యమవుతాడు. అరణ్యాన్ని గురించిన అతని దీర్ఘకవిత సైనికుల అలసటతో పాటు వారిని పంపిన పారిశ్రామిక నాగరికతను కూడా నిలదీస్తుంది. కేవలం వ్యక్తిగత విషాదంగా చదివితే ఈ విచారణ మరుగునపడుతుంది.

ఉపసంహారం

లూయిస్ సామ్రాజ్య సమర్థకుడు కాడు. సామ్రాజ్యం వెలుపలివాడూ కాడు. ఆ ఇరుకు నుంచే అతని వాక్యానికి బలం వచ్చింది. అతని సానుభూతిని గౌరవిస్తూనే, అందులో మాట దక్కనివారెవరని అడగడం భారతీయ పాఠకుడి బాధ్యత.